ప్రొఫెసరు నడుం బెల్టు

జట్లాండ్ తీరాన త్యూబోరన్ రేవులో దిక్సూచులు సరిచేసే అధికారం ఎస్కిల్ గ్రావర్సన్ ఒక్కడికే ఉండేది. ఇంజను మార్చినా, వలలు లాగే ఇనప గిలక కొత్తది బిగించినా, ఆ పడవ దిక్సూచి ఆయన చేతుల మీదుగా పోవలసిందే. దగ్గర్లో ఇనుముంటే సూది ఉత్తరాన్ని వదిలేసి ఆ ఇనుము మాట వింటుంది. దానికి విరుగుడుగా దిక్సూచి కింద చిన్న చిన్న అయస్కాంతపు కడ్డీలు అమర్చి, సూదిని మళ్ళీ దారిలో పెట్టి, ఇంకా మిగిలిన తేడా ఏ దిక్కున ఎంతో ఒక అట్ట మీద రాసి ముద్ర వేసి ఇవ్వాలి. పని అరపూటది. దాని గురించి ఆయన మాట్లాడడం మాత్రం వారమంతా సాగేది.

రేవులో అందరూ ఆయన్ని ప్రొఫెసరుగారూ అని పిలిచేవారు. వయసులో ఉండగా నావికుల బడిలో కొన్నాళ్ళు పటాలు మోసి, బల్లలు తుడిచి, తలుపు పక్కన నిలబడి పాఠాలు విన్నాడు. ఆ పిలుపులో గౌరవం పాలెంత, వెటకారం పాలెంత అన్నది కొలిచే పరికరం ఆయన దగ్గర లేదు. అందుచేత మొత్తాన్నీ గౌరవం కిందే వేసుకున్నాడు.

ఆయన పడవ ఎక్కే ముందు ఒక తంతు జరిగేది. గట్టు మీద ఖాళీ చేపల పెట్టె ఒకటి పెట్టించేవాడు. పడవలో ఉన్న ప్రతివాడూ జేబులు దులిపి కత్తీ, తాళాలూ, పొగాకు డబ్బా అందులో పడెయ్యాలి. ఆ తరువాత బుల్లి దిక్సూచి ఒకటి చేత్తో పట్టుకుని, మెడ నుంచి మోకాళ్ళ దాకా ఒక్కొక్కరినీ తడిమినట్టు చూసేవాడు. సూది కదిలిందా, అంతే సంగతులు. "నీ బూటు మేకులు సముద్రంలో మనుషుల్ని ముంచుతాయి తెలుసా?" అనేవాడు. తన కోటుకి కొమ్ము గుండీలు కుట్టించుకున్నాడు. బెల్టుకి ఇత్తడి కొక్కెం పెట్టించుకున్నాడు. పనిరోజున కళ్ళజోడు కూడా బంగారు పూత వేసిన ఇత్తడిదే. అందరినీ పరీక్షించే ఆ బుల్లి దిక్సూచిని ఆయన తన వైపు తిప్పుకున్న పాపాన పోలేదు.

ఆడవాళ్ళని అసలు పడవ ఎక్కనిచ్చేవాడు కాదు. కార్సెట్లు కారణం. నడుము సన్నగా కనబడాలని ఉక్కు పుల్లలు కుట్టిన గుడ్డతో ఒళ్ళు బిగించుకునే జాతి దిక్సూచికి వంద గజాల దూరంలో ఉండాలని ఆయన సిద్ధాంతం. కాఫీ బల్లల దగ్గర ఈ మాట చెప్పి తనే ముందుగా నవ్వేవాడు. ఆయన భార్య గుడ్రున్ ఎదురుగా కూర్చుని అల్లిక కుట్లు లెక్కపెట్టుకునేది.

ఆ చలికాలంలో రేవు మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంటే ప్రొఫెసరు జారి వెల్లకిలా పడ్డాడు. పక్క ఊరు లెమ్విగ్ డాక్టరు నడుము నొక్కి చూసి, కనీసం మూడు నెలల పాటు బిగుతు కట్టు వేసుకోవాలన్నాడు. ఆ ఊళ్ళోనే ఒకావిడ కుట్టి ఇచ్చింది. గులాబిరంగు గుడ్డ, వెనకాల లేసులు, చుట్టూరా నిలువునా స్ప్రింగు ఉక్కు పట్టీలు. వేసుకోగానే నొప్పి తగ్గింది. దానితో పాటు పొట్ట కూడా తగ్గినట్టు కనబడింది. అద్దం ముందు ఆయన కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాడు.

"కార్సెట్ బాగా అమిరింది," అంది గుడ్రున్, వెనక లేసులు బిగిస్తూ.

"నడుం బెల్టు."

"ఆ పేరు మీద కుడితే ఆవిడ గులాబిరంగు వాడేది కాదు."

"ఈ ఇంటి గడప దాటి ఈ మాట పోకూడదు గుడ్రున్."

పోలేదు. ఆ చలికాలమంతా ఆయన పొయ్యి పక్కన కూర్చుని అయస్కాంతపు కడ్డీలకి తుప్పు వదిలించుకున్నాడు. వంగడానికి వీల్లేదు కనక కడ్డీల పెట్టెని ఒళ్ళోనే, పొట్టకి ఆనించి పెట్టుకునేవాడు.

వసంతంలో మొదటి పని తోర్కిల్ బిస్గో పడవది. తోర్కిల్ కుర్రవాడు. మాట తక్కువ. 'హాబెట్' అనే ఆ నీలం పడవకి కొత్త ఇంజను పెట్టించాడు. గట్టు మీద పెట్టె పెట్టారు. జేబులు దులిపారు. తోర్కిల్ భార్య బోదిల్ కాఫీ కూజా తీసుకుని పడవ మీదికి వచ్చేసరికి ప్రొఫెసరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, మీరు దిగాలి. ఉక్కు పుల్లలతో నా పని సాగదు."

"నేను వేసుకోలేదు. నమ్మకం లేకపోతే చూసుకోండి," అంది బోదిల్.

పడవలో వాళ్ళు వెనక్కి తిరిగి మరీ నవ్వారు. ప్రొఫెసరు చెవులు ఎర్రబడ్డాయి.

"నియమం నియమమే."

బోదిల్ కూజా మొగుడి చేతికిచ్చి గట్టు మీదికి దూకింది. దూకి, వెనక్కి చూసింది. "ప్రొఫెసరుగారూ, ఇవాళ మీరేంటి, గుంజలాగా అలా నిటారుగా ఉన్నారు?"

"క్రమశిక్షణ," అన్నాడు ప్రొఫెసరు.

ఫియోర్డు అనే ఆ సముద్రపు పాయ నీళ్ళలో పడవని మెల్లగా గుండ్రంగా తిప్పారు. ప్రొఫెసరు దిక్సూచి వెనక, చుక్కాని పట్టుకునేవాడి చోటులో, దాని పీఠానికి పొట్ట ఆనించి నిలబడ్డాడు. దూరంగా కనబడే చర్చి గోపురంతో ఒక్కొక్క దిక్కునా సూదిని సరిపోల్చాడు. తూర్పుకి తిరిగినప్పుడు సూది బాగా పక్కకి పోయింది. పడమటికి తిరిగినప్పుడూ అంతే. "కొత్త ఇంజను చేసే ఆగడం ఇది," అని విరుగుడు కడ్డీలు గట్టిగానే దట్టించాడు. మధ్యలో ఖాళీ దొరికితే ఉపన్యాసం.

"ఇనుములో ప్రతి పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతమేనయ్యా. పరమాణువులో తిరిగే ఎలక్ట్రాన్లే దానికి మూలం. మామూలు ఇనుములో అవి గుంపులు గుంపులుగా తలో దిక్కూ చూస్తూ ఉంటాయి, చెదిరిపోయిన హెర్రింగ్ చేపల్లాగా. ఒక గుంపు బలాన్ని ఇంకో గుంపు కొట్టేస్తుంది. బయటి నుంచి అయస్కాంతం దగ్గరికి వచ్చిందనుకో, గుంపులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. అప్పుడు ఆ ఇనుమే ఇంకో అయస్కాంతం. అదీ లాగడం మొదలుపెడుతుంది."

"అలా తిరిగిన గుంపు కనబడితే మేం ఊరుకోం కదా ప్రొఫెసరుగారూ, వల వేస్తాం," అన్నాడు ఇంజను చూసే ముసలాయన. "త్వరగా కానివ్వండి. ఆటు మొదలైంది, నీళ్ళు తగ్గిపోతున్నాయి."

సాయంత్రానికి సూది చెప్పినట్టు వింటోంది. ప్రొఫెసరు అట్ట మీద ముద్ర వేసి, పీఠం దగ్గర నుంచి పక్కకి జరిగి, పడవ దిగి, ఇంటికి వెళ్ళాడు. ఆయనతో పాటు ఆయన నడుమూ వెళ్ళింది.

తోర్కిల్ మొదట తీరం వెంట ఉత్తరానికి వేటకి పోయి, దక్షిణంగా తిరిగి వచ్చాడు. తేడా ఏమీ రాలేదు. రెండోసారి పడమటికి, లోసముద్రంలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు దట్టంగా పొగమంచు పట్టింది. దిక్సూచి చెప్పిన తూర్పుని నమ్ముకుని వస్తే రేవు నోటికి బదులు దానికి దక్షిణాన, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాళ్ళ కట్ట ఎదురైంది. పడవ దాని మీదికి ఎక్కింది. ఒడ్డు నుంచి తాడు విసిరి మనుషులందరినీ ఒక్కొక్కరినే లాగి బతికించారు. మర్నాటి ఆటుపోటుకి 'హాబెట్' చెక్కలు చెక్కలైంది. దిక్సూచిని మాత్రం తోర్కిల్ ఊడబెరికి చంకలో పెట్టుకుని ఒడ్డెక్కాడు.

"దిక్సూచి బాగాలేదు," అన్నాడు తోర్కిల్.

"దిక్సూచి నా చేతిలో బాగానే ఉంది. చూసినవాడి కళ్ళే నిద్రలో ఉన్నాయి," అన్నాడు ప్రొఫెసరు, చేపల వేలంపాట దగ్గర, అందరికీ వినబడేలా.

లెమ్విగ్‌లో విచారణ పెట్టారు. దిక్సూచిని తప్పు చూశాడని తేలితే తోర్కిల్‌కి ఇక పడవ నడిపే అనుమతి ఉండదు. దిక్సూచిని తప్పు సరిచేశారని తేలితే ప్రొఫెసరుకి ముద్ర ఉండదు. మధ్యేమార్గం లేదు. రేవు జనం ఎవరి పక్షమో ఎవరూ పైకి అనలేదు. కానీ ప్రొఫెసరు దగ్గరికి ఆ వారం కాఫీకి ఎవరూ రాలేదు.

విచారణకి రెండు రోజుల ముందు గుడ్రున్ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "ఎస్కిల్, ఇలా చూడు. నా కుట్టుసూది పోయిందని ఇల్లంతా వెతికాను. నీ కార్సెట్‌కి అతుక్కుని ఉంది. గుండుసూదులు కూడా."

నిజంగానే ఉక్కు పట్టీల పైకొసల దగ్గర గుండుసూదులు ముళ్ళపందిలా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ప్రొఫెసరు ముఖం వెలిగింది. పాఠానికి ఇంత చక్కటి వస్తువు దొరికి చాలాకాలమైంది.

"అదే మరి ఉక్కు గొప్పతనం! మెత్తటి ఇనుమైతే అయస్కాంతాన్ని పక్కకి తియ్యగానే లోపలి గుంపులు మళ్ళీ చెదిరిపోతాయి. ఉక్కు అలా కాదు. ఒకసారి ఒక దిక్కుకి తిప్పి కూర్చోబెట్టామా, ఇక కదలవు. ఏళ్ళతరబడి అలాగే ఉంటాయి. స్ప్రింగు ఉక్కు మరీ మొండిది. దాన్ని తీసుకెళ్ళి బలమైన అయస్కాంతాల పక్కన చలికాలమంతా పెడితే..."

అక్కడ ఆగాడు. ఆయన ఉపన్యాసం మధ్యలో ఆగడం గుడ్రున్ పెళ్ళయిన దగ్గర నుంచీ చూడలేదు.

"పెడితే?" అంది.

ప్రొఫెసరు కుర్చీలో కూర్చున్నాడు. పీఠం వెనక తను నిలబడ్డ చోటు గుర్తుకొచ్చింది. దిక్సూచికి సరిగ్గా వెనకాల అయస్కాంతం ఉంటే ఉత్తరం, దక్షిణం పోయేటప్పుడు తేడా రాదు. తూర్పు, పడమర పోయేటప్పుడే వస్తుంది. తను విరుగుడు పెట్టింది ఇంజనుకి కాదు. తన పొట్టకి. పొట్ట పడవ దిగి ఇంటికొచ్చింది. విరుగుడు పడవలో మిగిలిపోయింది.

గుడ్రున్ గుండుసూదులు ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేసింది. "లెమ్విగ్‌లో చెబుతావా?"

"ఏం చెప్పాలి?"

"కార్సెట్ సంగతి."

"నడుం బెల్టు."

"సరే, నడుం బెల్టు సంగతి."

"అడిగినదానికి జవాబు చెబుతాను. అడగనిది చెప్పడం సాక్షి పని కాదు."

"ఇన్నేళ్ళుగా ఎవరూ అడగందే కదా నువ్వు చెబుతూ వచ్చింది," అంది గుడ్రున్. "తోర్కిల్ పడవ ఎక్కకపోతే వాళ్ళ పిల్లలేం తినాలి?"

"పొగమంచులో మనిషికి కునుకు పట్టడం సహజం."

"అందరికీ ఒకేసారి పట్టిందా?"

ఆమె ఆయన చొక్కా ఇస్త్రీ చేసింది. "పోనీ అది లేకుండా వెళ్ళు."

"నిలబడలేను గుడ్రున్."

"అయితే కూర్చో."

విచారణ రోజున ప్రొఫెసరు బెల్టు వేసుకునే వెళ్ళాడు. వంగిపోయి ఆ గదిలో అడుగుపెట్టడం కంటే ఏదైనా నయమనిపించింది. జడ్జిగారి ముందు బల్ల మీద తోర్కిల్ దిక్సూచి ఉంది. ఆ బల్లకి ఎంత దూరంగా వీలయితే అంత దూరంగా, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. వెనక వరసలో బోదిల్, ఆమె పక్కనే గుడ్రున్. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోవడం ఆయనకి నచ్చలేదు.

తోర్కిల్ చెప్పవలసింది నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. "ఉత్తరానికి పోయినప్పుడు బాగానే ఉందండీ. తూర్పుకి తిరిగితేనే తప్పింది. నేను నిద్రపోలేదు."

"ఒక్క దిక్కుకే చెడిపోయే దిక్సూచి ఉంటుందా?" అని జడ్జి సలహాకి పక్కన కూర్చోబెట్టుకున్న ఇద్దరు ముసలి నావికుల్ని అడిగాడు. వాళ్ళు గడ్డాలు గోక్కున్నారు. ఆ జవాబు తెలిసినవాడు కిటికీలోంచి కొంగల్ని చూస్తున్నాడు.

ప్రొఫెసరు వంతు వచ్చింది. కూర్చునే మాట్లాడడానికి అనుమతి అడిగాడు, నడుము నొప్పన్నాడు. ఇచ్చారు. నియమం ప్రకారం జేబులు ఖాళీ చేయించానన్నాడు. గోపురంతో సరిచూశానన్నాడు. పడవ దిగేటప్పటికి సూది సరిగ్గా ఉందన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. తనకే ముచ్చటేసింది. జడ్జి కలం మూత పెట్టబోయాడు. తోర్కిల్ తల దించుకుని చేతులు చూసుకుంటున్నాడు.

మూత పెట్టబోతూ జడ్జి ఆగాడు. ఆయన కోపెన్‌హాగెన్ నుంచి కొత్తగా వచ్చినవాడు. "గ్రావర్సన్‌గారూ, ఇది విచారణకి సంబంధించింది కాదు. బడిలో చదువుకున్న రోజుల నుంచీ నాకో సందేహం. అసలు రెండు అయస్కాంతాలు ఒకదాన్నొకటి ఎందుకు లాక్కుంటాయి? ఎవరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు."

గదిలో త్యూబోరన్ వాళ్ళందరూ ఒక్కసారిగా నిట్టూర్చారు. ప్రొఫెసరుకి ఆ నిట్టూర్పు వినబడలేదు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఎదురుగా ఉన్నాడు. పైగా జడ్జి. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు.

"ఎస్కిల్, కూర్చునే చెప్పు," అంది గుడ్రున్ వెనక నుంచి.

"చూపించకపోతే ఎలా అర్థమవుతుంది?" అంటూ ఆయన బల్ల దగ్గరికి నడిచాడు. "అయ్యా, ప్రతి అయస్కాంతం చుట్టూ ఒక క్షేత్రం ఉంటుంది. కంటికి కనబడదు. ఒక కొస నుంచి బయలుదేరి గాలిలో చుట్టు తిరిగి రెండో కొసలోకి వస్తుంది. ఆ క్షేత్రాన్ని గాలిలో నిలబెట్టడానికి శక్తి కావాలి. ఒకదాని ఉత్తరపు కొస ఎదురుగా ఇంకోదాని దక్షిణపు కొస పెట్టామనుకోండి. ఇందులోంచి వచ్చింది నేరుగా అందులోకి పోతుంది. రెండూ దగ్గరయ్యే కొద్దీ బయట తిరిగే క్షేత్రం తగ్గుతుంది. ఖర్చు తగ్గుతుంది. ప్రకృతి ఎప్పుడూ ఖర్చు తగ్గే వైపే తోస్తుంది. ఆ తోపుడినే మనం లాగడం అంటున్నాం."

"ఖర్చు తగ్గించడం మా జట్లాండ్ వాళ్ళ పద్ధతే," అన్నాడు ముసలి నావికుల్లో ఒకడు.

"అదే కొసలైతే రెండు క్షేత్రాలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇప్పుడు ఈ సూది చూడండి..."

అందరూ సూదిని చూశారు. అది ప్రొఫెసరు పొట్టని చూస్తోంది.

ప్రొఫెసరు మాట్లాడుతూనే బల్లకి రెండో పక్కకి జరిగాడు. సూదీ జరిగింది. వాకిట్లోకి వచ్చినవాడిని కుక్క గమనించినట్టుగా, తొందర లేకుండా, వదలకుండా.

"అది ఆయన వెంట తిరుగుతోంది," అంది బోదిల్.

"బల్ల కింద మేకులుంటాయి," అన్నాడు ప్రొఫెసరు. "లేదా ఆ మూలనున్న చలిపొయ్యి. పోత ఇనుము."

"పొయ్యి నడవదు కదా ప్రొఫెసరుగారూ," అన్నాడు ఆ ముసలి నావికుడే. అన్నాడే గానీ, లేచి చెత్తబుట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, తన కత్తీ, తాళాలూ అందులో పడేశాడు. రెండో నావికుడు పొగాకు డబ్బా వేశాడు. జడ్జికి సంగతి అర్థం కాకపోయినా సరదాగా అనిపించి, గొలుసు గడియారం విప్పి వేశాడు. బుట్టని వాకిట్లో పెట్టించారు. సూది మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఇంకెవరి దగ్గరైనా ఏమైనా ఉందా?" అని అడిగాడు జడ్జి.

గుడ్రున్ చేతిసంచీ పట్టుకుని మొగుడి వైపు చూస్తోంది. చెప్పే అవకాశం ఆయనకి ఇంకా ఉందని ఆ చూపు. ఆయన కొమ్ము గుండీలు తడుముకుంటూ నిలబడ్డాడు.

"గ్రావర్సన్‌గారూ, మీరు కోటు లోపల ఏం తొడుక్కున్నారు?"

"క్రమశిక్షణండీ," అంది బోదిల్. "నాతో అలాగే చెప్పారు."

ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. నవ్వనివాళ్ళు ముగ్గురే. ప్రొఫెసరు, గుడ్రున్, తోర్కిల్. తోర్కిల్ పాలిపోయిన మొహంలోకి అప్పుడే మళ్ళీ రంగు వస్తోంది.

పక్క గదిలోకి వెళ్ళి విప్పుకు రమ్మన్నారు. వచ్చేటప్పుడు ఆయన వంగిపోయి, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో ఆ గులాబిరంగు వస్తువుని పట్టుకుని వచ్చాడు. బల్ల మీద పెట్టగానే సూది సగం చుట్టు తిరిగి నిలబడిపోయింది. ముసలి నావికులు ముందుకి వంగి లేసులు ముట్టుకుని చూశారు. ఒకడు, "నాణ్యమైన ఉక్కే," అన్నాడు.

"పడవ దిక్సూచి సరిచేసిన రోజున ఇది మీ ఒంటి మీద ఉందా?" అని అడిగాడు జడ్జి.

"ఉంది."

"ఇది సూదిని తప్పిస్తుందని మీకెప్పుడు తెలిసింది?"

అడిగినదానికి జవాబు చెబుతానని తనే అన్నాడు. "మొన్న," అన్నాడు.

గదిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ చప్పుడు లేకపోవడం ఆయనకి నవ్వు కంటే ఎక్కువ తెలిసింది. ఏదో ఒకటి చెయ్యాలనిపించి, వేలితో పట్టీల మీద చూపిస్తూ, "ఇది ఉత్తరపు కొస, ఇది దక్షిణం," అన్నాడు. ఇప్పుడు జడ్జికి ఆ సంగతి అక్కర్లేకపోయింది.

తోర్కిల్ అనుమతి తోర్కిల్‌కి ఉండిపోయింది. ప్రొఫెసరు ముద్ర పోస్టులో తిరిగి వెళ్ళింది. గుడ్రున్ ఆ పొట్లానికి దారం కట్టింది. ఆ రోజు నుంచీ బెల్టు లేసులు మాత్రం ఆయనే కట్టుకోవలసి వచ్చింది.

మరుసటి వసంతానికి తోర్కిల్‌కి ఇంకో పడవ వచ్చింది, పాతదే, మళ్ళీ నీలంరంగు వేసినది. దిక్సూచి సరిచెయ్యడానికి ఎస్బెర్ రేవు నుంచి ఎవరో పడుచువాడు వచ్చాడు. గట్టు మీద పెట్టె పెట్టారు. జేబులు దులిపారు. బోదిల్ కాఫీ కూజాతో పడవ మీదే ఉంది. ఆ పడుచువాడు తన బుల్లి దిక్సూచిని మొట్టమొదట తన పొట్టకే ఆనించుకుని చూసుకున్నాడు. త్యూబోరన్‌లో అలా చేసి తీరాలని అతనికి ముందే ఎవరో చెప్పి పంపినట్టున్నారు.

ప్రొఫెసరు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. నిటారుగానే ఉన్నాడు.

"ప్రొఫెసరుగారూ," అని పిలిచాడు తోర్కిల్. పిలుపు మారలేదు. "కొంచెం వెనక్కి జరగండి."

"ఇంత దూరానికి ఏమీ కాదయ్యా! దూరం రెట్టింపయితే దాని ప్రభావం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఈ గట్టు మీంచి అయితే..."

"తెలుసండీ. అయినా జరగండి."

ఆయన వెనక్కి జరిగాడు. పడవ మీద వాళ్ళు పని మొదలుపెట్టకుండా చూస్తూనే ఉన్నారు. ఇంకొంచెం జరిగాడు. చివరికి చేపలకి ఐసు కొట్టే షెడ్డు వెనక్కి చేరేదాకా వాళ్ళ చూపు వదల్లేదు. అక్కడి నుంచి పడవ కనబడదు. షెడ్డులో ఒకావిడ ఐసు దిమ్మలు పగలగొడుతోంది. దూరం పెరిగితే లాగుడు ఎందుకంత త్వరగా తగ్గుతుందో, ఆమె అడగకపోయినా, ఆయన మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.